చెప్పని ప్రేమలో దోషి ఎవరు? జపాన్ నవలల గురించి ఒక సమాధానం

మీరు అడిగినవి మూడు. హరుకి మురకామి 'నార్వేజియన్ వుడ్' ఇంగ్లీషులో చదివి పది రోజులుగా మనసు బాగోలేదన్నారు. అందులో కథ చెప్పే వతనబె, అంత ఇష్టపడ్డవాడు, ఏమీ చేయకుండా ఎలా ఉంటాడని అడిగారు. జపాన్ రచయితలందరూ ఇలాగే అందని ప్రేమ గురించీ ఒంటరితనం గురించీ రాస్తారా, రాస్తే ఎందుకు అన్నారు. చివర్లో, పెద్దగా పట్టించుకోవద్దన్నట్టు, మీ ఆఫీసులో ఒకరంటే మీకు ఇష్టమనీ, రెండేళ్లుగా చెప్పలేదనీ, ఇలాంటి పుస్తకాలు ఇంకా చదవడం మంచిదో కాదో చెప్పమనీ ఒక వాక్యం చేర్చారు. అసలు ప్రశ్న అదేనని నాకు తోచింది. దాని దగ్గరికి ఆఖర్న వస్తాను.

నేను పండితుణ్ని కాను. పదకొండేళ్లు టోక్యోలో, మన దేశంవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయిలో ఉన్నాను. యంత్రాల మాన్యువళ్లను జపనీసు నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. నవలలన్నీ తోజాయి లైను రైల్లో నిలబడి చదివినవే. ఆ లైను రద్దీలో పేజీ తిప్పాలన్నా పక్కవాళ్ల భుజం అడ్డం వస్తుంది. అలా ఇరుక్కుని నిలబడి ఒంటరితనం గురించి చదవడంలో ఒక తమాషా ఉంది. ఆ తమాషాను ఇన్నేళ్లు చదివాక నాకు అర్థమైనంత చెబుతాను.

ముందు మాటల సంగతి. మనం ఇలాంటిదాన్ని భగ్నప్రేమ అంటాం, విఫలప్రేమ అంటాం. భగ్నం కావాలంటే ముందు ఒకటి ఉండాలి, దాన్ని ఎవరో పగలగొట్టాలి. పగలగొట్టేవాళ్లకు మన కథల్లో కొదవ లేదు: కులం, ఆస్తి, జమీందారు తండ్రి, జాతకం, అమెరికా సంబంధం. ఎవరైనా గడ్డం పెంచుకుని తిరుగుతుంటే దేవదాసు అయిపోయాడంటాం. అంటే అతనికి అన్యాయం చేసినవాళ్లు ఎక్కడో ఉన్నారని ఒప్పుకున్నట్టే. జపనీసు మాట కతాఒమోయి. కతా అంటే జంటలో ఒకటి, ఒక పక్క. ఒమోయి అంటే తలపు. ఒంటి చెప్పు, ఒంటి గాజు అన్నట్టు ఒంటి తలపు. ఇందులో విరిగిందీ లేదు, ఓడిందీ లేదు. ఇటువైపు తలపు ఉంది, అటువైపు లేదు. ప్రేమ చెడిపోయినప్పుడు అనడానికి వాళ్లకు షిత్సురెన్ అని వేరే మాట ఉంది. మీరు ఈ రెండో మాట కోసం వెతుకుతూ మొదటి మాట గురించిన పుస్తకం చదివారు. అందుకే ఏమీ జరగలేదని అనిపించింది.

ఇంకా వెనక్కి వెళితే ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మన్యోషు అని ఎనిమిదో శతాబ్దపు పద్య సంకలనం ఒకటుంది. అప్పటికి జపనీసుకు సొంత అక్షరాలు ఏర్పడలేదు. చైనా లిపిని శబ్దం కోసం అరువు తెచ్చుకుని రాసేవారు. వలపు అనే అర్థమిచ్చే 'కొయి' అన్న మాటను రాయడానికి ఆ సంకలనంలో కొన్నిచోట్ల రెండు అక్షరాలు వాడారు. మొదటిదానికి అర్థం ఒంటరి, రెండోదానికి దుఃఖం. అవే శబ్దాలకు వేరే అక్షరాలు కావలసినన్ని ఉండగా ఇవి ఏరుకున్నారు. రాసినవాడు ఎవరో గానీ, రసికుడు. మన ఆలంకారికులు శృంగారాన్ని సంభోగం, విప్రలంభం అని రెండుగా పంచి, విరహాన్ని ఒక భాగంగా పెట్టారు. అక్కడ వలపు అనే మాటే విరహంతో మొదలయింది. ఎదుట ఉన్న మనిషి మీద కలిగేది కాదు కొయి, ఎదుట లేని మనిషి కోసం కలిగేది.

ఇక్కడికి రాగానే చాలామంది వ్యాసకర్తలు అంకెలు తీస్తారు. 2020 జనాభా లెక్కల ప్రకారం జపాన్‌లో దాదాపు 38 శాతం ఇళ్లలో ఉండేది ఒక్క మనిషే. 2021 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒంటరితనం వ్యవహారాలు చూడటానికి ఒక మంత్రిని నియమించింది. 2024 ఏప్రిల్ నుంచి దాని మీద ఒక చట్టమే అమలవుతోంది. అన్నీ నిజాలే. అయినా వీటితో నవలలను వివరించడం నాకు నచ్చదు. మన్యోషు కవులు ఒంటి గది ఫ్లాట్లలో ఉన్నవాళ్లు కారు. నత్సుమె సోసెకి 1914లో రాసిన 'కొకొరో'లో పెద్దాయనకు ఇల్లుంది, భార్య ఉంది. స్వేచ్ఛ, స్వాతంత్ర్యం, నేను అనే స్పృహ నిండిన కాలంలో పుట్టాం కాబట్టి దానికి మూల్యంగా ఈ ఒంటరితనం అందరం అనుభవించాల్సిందేనని ఆయన అంటాడు. ఆయన కథ ఇది. కె అనే స్నేహితుడు తాను ప్రేమించిన అమ్మాయి గురించి ఆయనతో చెప్పుకుంటాడు. నా మనసులో ఉన్నదీ ఆమేనని ఈయన చెప్పడు. చెప్పకుండా, చాటుగా వెళ్లి, అమ్మాయిని తనకిచ్చి పెళ్లి చేయమని ఆమె తల్లిని అడిగేస్తాడు. కె ప్రాణం తీసుకుంటాడు. పెళ్లవుతుంది. కోరుకున్న మనిషితోనే జీవితమంతా గడుస్తుంది, ఆ చెప్పని మాట మాత్రం ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోతుంది. అంటే ప్రేమ దక్కినా ఒంటరితనం పోలేదు. నేను ఇన్నేళ్లు చదివాక తేలింది ఇదే: ఈ రచయితలకు ఒంటరితనం ప్రేమ విఫలమవడం వల్ల వచ్చింది కాదు. అది ముందునుంచీ గదిలో ఉంది. ప్రేమ వచ్చి లైటు వేసింది.

ఇప్పుడు మీ వతనబె దగ్గరికి వద్దాం. 'నార్వేజియన్ వుడ్' 1987లో రెండు భాగాలుగా వచ్చింది, ఒకదానికి ఎర్ర అట్ట, ఇంకోదానికి ఆకుపచ్చ అట్ట. జపాన్ పుస్తకాలకు అట్ట చుట్టూ ఒక కాగితపు పట్టీ వేస్తారు. దాని మీద 'నూరు శాతం ప్రేమ నవల' అని వేశారు. ఆ మాట నమ్మి కొన్నవాళ్లు మొదటి అధ్యాయం చివరికి వచ్చేసరికి ఉలిక్కిపడి ఉంటారు. 37 ఏళ్ల వతనబె హాంబర్గ్‌లో దిగుతున్న విమానంలో కూర్చుని, పద్దెనిమిదేళ్ల కిందట తాను ప్రేమించిన నవోకోతో నడిచిన పచ్చిక మైదానాన్ని తలచుకుంటాడు. నన్ను మరచిపోవద్దని ఆమె ఎందుకు అంతగా అడిగిందో ఇప్పుడు తెలిసిందంటాడు. ఆమె నన్ను ప్రేమించను కూడా లేదు కాబట్టి, అని. ఫలితం మొదటి అధ్యాయంలోనే ప్రకటించేసిన పుస్తకం ఇది. ఆ వాక్యం మీరు చదివే ఉంటారు. మనకు చివరి పేజీలో తీర్పు వినడం అలవాటు కాబట్టి మీ కన్ను దాని మీద నిలిచి ఉండదు.

ఏమీ చేయడన్నారు గానీ, అతను చాలా చేస్తాడు. క్యోటో దగ్గర కొండల్లో ఆమె ఉన్న ఆశ్రమం లాంటి చికిత్సాలయానికి వెళతాడు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తాడు. రోజూ పొద్దున్నే గడియారానికి ఇచ్చినట్టు తనకు తాను కీ ఇచ్చుకుని రోజు మొదలుపెడతాననీ, ఆదివారం మాత్రం కీ ఇచ్చుకోననీ చెబుతాడు. ఆ ఆదివారపు మాట నాకు నవల మొత్తంలో ఎక్కువ ఇష్టం. సెలవురోజు బట్టలు ఉతుక్కుని, ఇస్త్రీ చేసుకుని, మధ్యాహ్నం మూడు గంటలకు ఇంకా ఎంత పొద్దు మిగిలిందా అని చూసుకున్నవాళ్లకు దాని అర్థం చెప్పనక్కర లేదు. అతను ఓడిపోయింది పదిహేడేళ్లకే ప్రాణం తీసుకున్న కిజుకి చేతిలో. నవోకోకి కిజుకి చిన్నప్పటినుంచి తోడు, వతనబెకి ఒక్కగానొక్క స్నేహితుడు. చచ్చినవాడు తప్పు చేయడు, ముసలివాడు కాడు, మాట జారడు. అతన్ని తిట్టలేం, నవోకోని తిట్టలేం, వతనబెని తిట్టబోతే అతను అప్పటికే తనను తాను తిట్టుకుంటున్నాడు. ప్రతినాయకుడు లేని భగ్నప్రేమ చదవడం మనకు కొత్త. మీ పది రోజుల బాధకు సగం కారణం, కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకకపోవడమే.

ఇదే రచయిత 1999లో రాసిన 'స్పుత్నిక్ స్వీట్‌హార్ట్' ఈ విషయం మీద ఇంకా సూటి పుస్తకం. బడిపంతులుగా పనిచేసే కథకుడు సుమిరెను ప్రేమిస్తాడు. ఇరవై రెండేళ్ల సుమిరె జీవితంలో మొదటిసారి ప్రేమలో పడుతుంది, తనకన్నా పదిహేడేళ్లు పెద్దదైన మ్యూ అనే స్త్రీతో. మ్యూకి ఎవరినీ ప్రేమించే శక్తి మిగలలేదు. ముగ్గురూ వరుసగా ఒకరి వీపు ఒకరు చూస్తూ నిలబడ్డట్టుంటుంది. సుమిరె తెల్లవారుజామున వీధి చివర ఫోను బూత్ నుంచి అతనికి ఫోను చేస్తుంది, చిహ్నానికీ ప్రతీకకూ తేడా ఏమిటో చెప్పమని. అతను నిద్ర కళ్లతో చెబుతాడు. ఆ గంటకు ఫోను తీయడమే అతని ప్రేమలేఖ. బీట్నిక్‌లనే అమెరికా రచయితల పేరును మ్యూ పొరపాటున స్పుత్నిక్ అనడంతో నవలకు ఆ పేరు వచ్చింది. స్పుత్నిక్ అంటే రష్యన్‌లో తోటి ప్రయాణికుడని అర్థం. సోవియట్ రష్యా ఆ పేరుతోనే ఉపగ్రహాలు పంపింది. 1957 నవంబరు 3న రెండో స్పుత్నిక్‌లో లైకా అనే కుక్కను ఎక్కించి పంపారు, తిరిగి తెచ్చే ఏర్పాటు లేదు. చీకట్లో తమ తమ కక్ష్యల్లో తిరిగే రెండు లోహపు ముక్కలు ఎప్పుడో ఒకసారి ఎదురుపడి, మాటా లేకుండా మాట ఇచ్చుకోకుండా దాటిపోవడం ఈ నవల మనసులో పెట్టే బొమ్మ. ఈ కథకుడి పేరు కూడా కె. సోసెకి కె అందులో గుర్తుకు రావడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

అదే ఆకాశం మకొతొ షిన్‌కాయి 2007లో తీసిన 'సెకనుకు ఐదు సెంటీమీటర్లు' అనే యానిమేషన్ సినిమాలోనూ ఉంది. రాకెట్ కేంద్రం ఉన్న తనెగషిమా దీవిలో ఒక అమ్మాయి తన తరగతి అబ్బాయిని ప్రేమిస్తుంది. అతను ఎప్పుడూ ఫోనులో ఎవరికో సందేశం రాస్తుంటాడు. అవి ఎవరికీ పంపేవి కావు. అతని చూపు తన మీద లేదనీ, తనకు అందనంత దూరంలో ఎక్కడో ఉందనీ ఆమెకు తెలిసిపోతుంది. చెప్పాలనుకున్న రోజున చెప్పకుండా ఇంటికి వెళ్లి ఏడుస్తూ నిద్రపోతుంది. నవలలు చదివే ఓపిక లేనివాళ్లకు నేను ముందు సినిమా మధ్యలో వచ్చే ఈ భాగం చూపిస్తుంటాను.

చెప్పకపోవడం గురించి భాష తెలిసినవాడిగా ఒక మాట. జపనీసులో ప్రేమ ప్రకటించే మామూలు వాక్యం 'సుకి దెసు'. ఇంగ్లీషు అనువాదంలో దాన్ని ప్రేమిస్తున్నానని పూర్తి వాక్యంగా పెడతారు, నేను అనే కర్తతో, నిన్ను అనే కర్మతో. అసలు వాక్యంలో ఆ రెండూ లేవు. దానికి సరైన అనువాదం తెలుగులోనే ఉంది: 'ఇష్టమండీ'. ఎవరికి ఇష్టం, ఎవరంటే ఇష్టం అన్నది వినేవాళ్లు పూరించుకోవాలి. పూరించుకోకపోతే ఆ మాట టీ గురించో వాన గురించో అన్నట్టు గాలికి పోతుంది, ఇద్దరి మర్యాదా దక్కుతుంది. ఇంగ్లీషు అనువాదాల్లో మొద్దుబారిన చాలా సంభాషణలు తెలుగులోకి నేరుగా తెస్తే ప్రాణం పోసుకుంటాయని నా నమ్మకం. కానీ ఈ సందడిలో ఒక కట్టుకథ కూడా తిరుగుతోంది, జాగ్రత్త. సోసెకి పాఠం చెబుతూ, ప్రేమిస్తున్నాననే ఇంగ్లీషు వాక్యాన్ని 'చంద్రుడు అందంగా ఉన్నాడు కదూ' అని అనువదించమన్నాడని చెబుతారు. నాకు జపనీసు నేర్పినవారే అది నిజమన్నట్టు చెప్పారు, నేను ఏళ్ల తరబడి అందరికీ చెప్పాను. ఆయన రాతల్లో ఎక్కడా దానికి ఆధారం లేదు. ఇంత అందమైన అబద్ధాన్ని వదులుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది.

మురకామి కథల్లో మన ప్రబంధ పాఠకులకు బాగా దగ్గరయ్యేది ఒకటుంది. 2014లో వచ్చిన 'స్త్రీలు లేని పురుషులు' సంపుటంలోని 'ఒక స్వతంత్ర అవయవం'. ఆస్కార్ వచ్చిన 'డ్రైవ్ మై కార్' సినిమాకు మూలకథ కూడా ఆ సంపుటంలోదే. తొకాయి అనే 52 ఏళ్ల ప్లాస్టిక్ సర్జన్, పెళ్లి వద్దనుకుని ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు స్త్రీలతో హాయిగా కాలం గడిపినవాడు, ఒక వివాహితను నిజంగా ప్రేమిస్తాడు. నిన్ను చూశాక తెలిసింది, ఇంతకుముందు నేను దేని గురించీ బెంగపడనే లేదని అనే అర్థమున్న పాత పద్యం ఒకటి అతనికి గుర్తొస్తుంది. పదో శతాబ్దపు అత్సుతద పద్యం అది. ఆమె భర్తనూ ఇతన్నీ వదిలి మూడో మనిషితో వెళ్లిపోతుంది. తొకాయి తిండి మానేసి, చిక్కి, మంచం పట్టి చనిపోతాడు. మన లక్షణ గ్రంథాలు చెప్పిన దశ మన్మథావస్థలు చూడండి: నిద్రలేమి, చిక్కిపోవడం, దేని మీదా మనసు లేకపోవడం, ఉన్మాదం, మూర్ఛ, మరణం. ప్రబంధ నాయికకు ఆ పదో అవస్థ రాకుండా చెలికత్తెలు చందనం పూసి, తామరాకులు పరిచి, చిలకను రాయబారం పంపుతారు. తొకాయికి చెలికత్తెలు లేరు, జీతానికి పనిచేసే ఒక సెక్రటరీ ఉన్నాడు, అంతే. ఆ తేడాలోనే కథంతా ఉంది. అయితే ఆ శీర్షిక మీద నాకు అభ్యంతరం ఉంది. అబద్ధం చెప్పడానికి స్త్రీలకు ప్రత్యేకంగా ఒక అవయవం ఉంటుందని ఆ డాక్టరు సిద్ధాంతం. కథకుడు దాన్ని ఎక్కడా గట్టిగా కాదనడు.

ఈ అభ్యంతరం నా ఒక్కడిదే కాదు. మియెకో కవకామి అనే నవలా రచయిత్రి మురకామిని ఇష్టంగా చదివి పెరిగిన మనిషి. ఆయనతో చేసిన సుదీర్ఘ సంభాషణలు 2017లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఆమె ఎదుటే అడిగేసింది, మీ నవలల్లో స్త్రీలు మగవాడి కోసం బలి అయ్యే పాత్రలుగానే ఎందుకు మిగిలిపోతారని. ఆయన జవాబు నాకు తృప్తి ఇవ్వలేదు. ఆమె అసలు జవాబు మాత్రం అంతకు ఆరేళ్ల ముందే రాసి ఉంది.

2011లో వచ్చిన ఆ నవల ఇంగ్లీషులో 'ఆల్ ద లవర్స్ ఇన్ ద నైట్' పేరుతో దొరుకుతుంది. ఫుయుకో ఇరియె అనే 34 ఏళ్ల స్త్రీ ఇంటి దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దుతుంది. ప్రూఫులు దిద్దేవాళ్లు కథలో పడిపోకూడదు, పడితే తప్పులు కనిపించవు. ఆమె జీవితాన్ని కూడా అలాగే గడిపింది, ఇతరుల వాక్యాల్లో తప్పులు ఏరుతూ, తన కథలో తాను పడకుండా. ఏడాదికి ఒక్కసారి, తన పుట్టినరోజైన డిసెంబరు 24 రాత్రి, ఊరి దీపాలు చూడటానికి ఒంటరిగా నడుస్తుంది. తరువాత మిత్సుత్సుక అనే పెద్దాయన పరిచయమవుతాడు, భౌతికశాస్త్రం చెబుతానంటాడు. ఇద్దరూ కాఫీ దుకాణంలో కూర్చుని వెలుగు గురించి మాట్లాడుకుంటారు. ఆ మాటలు ఆడటానికి ధైర్యం చాలక ఆమె ఫ్లాస్కులో మద్యం పోసుకుని వెళుతుంది. ఈ వివరం మురకామి రాయడు, రాయలేడు. మగ కథకుడి ఒంటరితనానికి సంగీతం, విస్కీ, అందమైన విచారం తోడుంటాయి. ఫుయుకో ఒంటరితనంలో వాంతి ఉంది, ఉతకని బట్టలున్నాయి, నిన్ను చూస్తే చిరాకేస్తుందని మొహం మీదే అనే స్నేహితురాలుంది. ప్రేమ అందదు. అయినా నవల ఆఖరికి ఆమె చేతిలో ఒక చిన్న వస్తువు మిగులుతుంది, తను దిద్దింది కాదు, తనంతట తాను రాసుకున్న ఒక పదబంధం. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లోని దయానిధిని ఇష్టపడ్డవాళ్లకు ఈమె నచ్చుతుంది, కాస్త కోపం కూడా తెప్పిస్తుంది.

సాహిత్యం అంటే బరువనుకునేవాళ్లకు డిటెక్టివ్ నవల ఒకటి చెబుతాను. కెయిగో హిగషినో 2005లో రాసిన 'ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్', నఓకి బహుమతి పొందింది. దీన్ని 2023లో కాలింపాంగ్ నేపథ్యంగా 'జానే జాన్' పేరుతో హిందీలో తీశారు కాబట్టి కథ మీకు కొంత తెలిసి ఉండొచ్చు. లెక్కల మేష్టారు ఇషిగామి పక్కింటి యసుకోని చూడటం కోసం రోజూ ఆమె పనిచేసే దుకాణంలో భోజనం డబ్బా కొంటాడు, అంతకు మించి పెదవి విప్పడు. ఆమె చేతుల్లో ఒక హత్య జరిగిపోయాక మొత్తం భారం నెత్తిన వేసుకుంటాడు. కిటుకు చెప్పను గానీ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను: ఒకప్పుడు అతను ఉరి వేసుకోబోతుండగా తలుపు గంట మోగింది. పక్కింట్లో కొత్తగా దిగాం అని పరిచయం చేసుకోవడానికి వచ్చిన తల్లీ కూతురూ వాకిట్లో ఉన్నారు. అంతే, ఆ తరువాత అతను బతికింది వాళ్ల కోసం. దీన్ని చదివినవాళ్లంతా ఎంత గొప్ప ప్రేమ అని కన్నీళ్లు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. రెండోసారి చదివినప్పుడు యసుకో వైపునుంచి చూశాను, ఒళ్లు జలదరించింది. అడగని మేలు ఆమె నెత్తిన అప్పయి కూర్చుంది, జన్మంతా తీర్చినా తీరదు. మన సినిమాల్లో హీరో కాదన్న అమ్మాయి వెంటపడి విసిగిస్తాడు, ఈ నవలలో మేష్టారు నోరు తెరవకుండా ప్రాణం ధారపోస్తాడు. చూడటానికి నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఇద్దరిలో ఎవరూ ఆమెను నీకు ఏం కావాలని మాత్రం అడగలేదు.

సయక మురత 2016లో రాసి అకుతగవ బహుమతి పొందిన 'కన్వీనియన్స్ స్టోర్ ఉమన్' గురించి నాలుగు మాటలు చాలు. 36 ఏళ్ల కెయికో పద్దెనిమిదేళ్లుగా ఒకే దుకాణంలో పనిచేస్తుంది, ప్రేమ లేదు, కావాలనీ లేదు. ఆమె ఒంటరిగా ఉందని బాధపడేది చుట్టూ ఉన్నవాళ్లే. అందరూ ప్రేమ అందలేదని ఏడ్చే ఊళ్లో, నాకు ఆకలే వేయడం లేదని ఒకరు తాపీగా అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మధ్యలో చదవండి, మంచి విరుగుడు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. హిరోమి కవకామి 'సెన్సెయి నో కబన్', అంటే మాస్టారి సంచి. మియెకోకీ ఈమెకీ ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. 2001లో పుస్తకంగా వచ్చి ఆ ఏడాదే తనిజాకి బహుమతి పొందింది. ఇంగ్లీషులో 'స్ట్రేంజ్ వెదర్ ఇన్ టోక్యో'. ముప్పై ఎనిమిదికి చేరువలో ఉన్న త్సుకికో స్టేషను దగ్గర చిన్న మద్యం దుకాణంలో కౌంటరు ముందు కూర్చుని, ట్యూనా చేప కలిపిన నత్తో అనే పులియబెట్టిన సోయా గింజలు, తామర దుంప వేపుడు, ఉప్పులో ఊరిన చిన్న ఉల్లి కావాలంటుంది. సరిగ్గా అదే సమయానికి పక్క కుర్చీలో ముసలాయన అవే మూడూ అడుగుతాడు. ఆయన ఆమెకు హైస్కూల్లో జపనీసు చెప్పిన మాస్టారు, ముప్పై ఏళ్లకు పైగా పెద్ద. ఆమెకు ఆయన పేరు గుర్తు రాక మాస్టారూ అంటుంది, అదే నిలిచిపోతుంది. ఇంగ్లీషు అనువాదం సెన్సెయి అనే మాటను అలాగే ఉంచేసింది, వేరే దారి లేదు. మనకు ఉంది. మాస్టారు అన్న మాటలోని చనువూ దూరమూ రెండూ అందులో సరిగ్గా సరిపోతాయి.

ఇద్దరూ కలుసుకుందామని ఎప్పుడూ అనుకోరు, కలుస్తుంటారు. ఎవరి మద్యం వాళ్లు పోసుకుంటారు, ఎవరి బిల్లు వాళ్లు కట్టుకుంటారు. బేస్‌బాల్ దగ్గర గొడవ పడతారు. ఆయన జెయింట్స్ జట్టు అభిమాని, ఆమెకు ఆ జట్టంటే ఒళ్లు మంట. ఆ గొడవతో అదే దుకాణంలో పక్కపక్కనే కూర్చుని మాట్లాడకుండా రోజులు గడుపుతారు. ఆ మౌనంలోనే ఆమెకు తెలిసొస్తుంది, ఇంతకుముందు తను ఒక్కతే ఉండేదని, ఇప్పుడు ఆయన లేకుండా ఉంటోందని. ఆ రెండూ వేరు. ఆయన ఇంట్లో రైల్లో కొన్న మట్టి టీ పాత్రలు, పనికిరాని బ్యాటరీలు దాచుకుని ఉంటాయి. పని చేసినవాటిని పారేయడానికి మనసొప్పదట. అలాంటి మనిషి నవల చివరిభాగంలో ఒక మాట అంటాడు. జపాన్‌లో పద్ధతిగా అడిగేవాళ్లు, పెళ్లిని ఉద్దేశించి మనం పరిచయం కొనసాగిద్దామా అంటారు, మన పెళ్లిచూపుల భాషలాంటిది. మాస్టారు అదే వాక్యాన్ని అంతే మర్యాదగా తీసుకుని ఒక్క మాట మారుస్తాడు: ప్రేమను ఉద్దేశించి. నేను ఆ పేజీ రైల్లో చదివాను, దిగాల్సిన స్టేషను దాటిపోయింది.

ఇప్పుడు మీ సంగతి. ఈ పుస్తకాల వల్ల మీకు జరగగల నష్టం ఒకటే, చెప్పకపోవడం అందంగా కనిపించడం. ఆ అందం వాక్యాలది. వతనబెకి 37 ఏళ్లు వచ్చినా విమానం దిగకముందే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, అది మరచిపోవద్దు. రెండేళ్లుగా మీరు మోస్తున్న మనిషిలో ఎంత ఆమె, ఎంత మీ ఊహ అన్నది ఆమెతో మాట్లాడితే తప్ప తేలదు. మాట్లాడేటప్పుడు మాస్టారి వాక్యం ఎందుకు మంచిదో గుర్తుంచుకోండి. అది ప్రశ్న. కాదనడానికి ఆమెకు చోటు ఉంది, కాదంటే మర్నాడు మళ్లీ అదే కౌంటరు ముందు కూర్చోగల మర్యాద ఉంది. మీరిద్దరూ ఒకే ఆఫీసులో ఉన్నారు కాబట్టి ఆ చోటు మరీ అవసరం. ఒక్కసారి అడగండి, జవాబు ఏదైనా రెండోసారి అడగకండి. అడగడం ఇష్టం లేదా, మానేయండి, కానీ అప్పుడు అది మీ నిర్ణయమని ఒప్పుకోండి, విధి మీదికి నెట్టకండి.

చదవడం ఆపమని మాత్రం చెప్పను. మురకామిని కొన్నాళ్లు పక్కన పెట్టండి, 'స్పుత్నిక్' చలికాలం వరకు ఆగొచ్చు. మియెకో కవకామి పుస్తకం మనసు కాస్త గట్టిగా ఉన్నప్పుడు తీయండి. హిగషినో రెండు రాత్రుల పని. ముందు మాత్రం మాస్టారి సంచితో మొదలుపెట్టండి, అదీ రాత్రి భోజనం చేశాకే. ప్రతి అధ్యాయంలోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి వేడివేడిగా తింటూనే ఉంటారు, ఖాళీ కడుపుతో చదవగలిగే పుస్తకం కాదది.